చల్లారితేగానీ తేలని సంగతి

గది వేడిమిలో ఉన్న కిలో రాగిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 385 జౌళ్ల శక్తి పడుతుంది. అదే రాగిని 1.9 కెల్విన్‌కు, అంటే నీరు గడ్డకట్టే స్థాయికి 271 డిగ్రీల దిగువకు దించితే అందులో పదివేలవ వంతు కూడా అక్కర్లేదు. ఆ చలిలో లోహానికి వేడిని ఇముడ్చుకునే శక్తి దాదాపు ఉండదు. కాయిల్‌లో ఒక తీగ కొన్ని మైక్రాన్లు జరిగితే చాలు, ఆ రాపిడికి పుట్టిన వేడి ఆ చోట అతివాహకతను చెరిపేస్తుంది. అంతదాకా ఏ అడ్డూ లేకుండా పారిన వేల ఆంపియర్ల కరెంటు ఉన్నట్టుండి నిరోధంలో చిక్కుకుంటుంది. అక్కడ మరింత వేడి పుడుతుంది, పక్క తీగా పోతుంది, క్షణంలో అయస్కాంతం మొత్తం మామూలు లోహమైపోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని క్వెంచ్ అంటారు.

కణభౌతిక ప్రయోగాల పెద్ద అతివాహక అయస్కాంతాలన్నీ ఈ సన్నటి అంచు మీదే పనిచేస్తాయి. ఇలాంటి యంత్రం పనిచేస్తుందని ముందుగా ఎలా నమ్మాలి? ఎంత పరీక్షిస్తే చాలు? గత యాభై ఏళ్లలో ఈ ప్రశ్నకు అమెరికా, యూరప్ ప్రయోగశాలలు చెప్పుకున్న జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టి చూస్తున్నాను. ఆ చరిత్ర చదివాక నాకు ఏర్పడిన అభిప్రాయం ముందే చెబుతాను. అయస్కాంతాన్ని బెంచి మీద పెట్టి చేసే పరీక్ష మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. పెద్ద నష్టాలన్నీ ఎవరూ అడగని ప్రశ్నల దగ్గరే జరిగాయి.

అతివాహకతను నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ 1911లో కనుక్కున్నాడు. అంతకు మూడేళ్ల ముందు హీలియాన్ని ద్రవంగా మార్చింది కూడా ఆయనే. నిరోధం లేని తీగతో కాయిల్ చుడితే ఎంత బలమైన అయస్కాంతమైనా చేయవచ్చని ఆయన ఆశపడ్డాడు. సీసపు తీగతో చుట్టిన కాయిళ్లు కొద్దిపాటి క్షేత్రానికే అతివాహకతను వదిలేశాయి. ఆ ఆశ తీరడానికి యాభై ఏళ్లు పట్టింది. 1961లో బెల్ ల్యాబ్స్‌లో కుంజ్లర్ బృందం నియోబియం-టిన్ 8.8 టెస్లా క్షేత్రంలోనూ కరెంటును మోయగలదని చూపింది. ఆ పదార్థం పెళుసు. కొద్దికాలానికే వాడుకలోకి వచ్చిన నియోబియం-టైటానియం మిశ్రమం తీగలా సాగుతుంది, వంచితే వంగుతుంది. అందుకే కణాలకు వేగం పెంచే యంత్రాల్లో, అంటే యాక్సిలరేటర్లలో, తర్వాతి నలభై ఏళ్ల అతివాహక అయస్కాంతాలన్నీ దాని మీదే నిలిచాయి.

యాక్సిలరేటర్లకు ఈ తిప్పలన్నీ ఎందుకంటే, ఇనుము సుమారు 2 టెస్లాల దగ్గరే సంతృప్తమవుతుంది. జెనీవా దగ్గర సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ 27 కిలోమీటర్ల వలయం. అందులో 7 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల ప్రోటాన్‌ను వంపు తిప్పాలంటే 8.33 టెస్లాలు కావాలి. మామూలు అయస్కాంతాలతో అదే పని చేయాలంటే వలయం చుట్టుకొలత 120 కిలోమీటర్లకు పైగా ఉండాలి.

మొదటి గుణపాఠం అమెరికాలో వచ్చింది. 1970ల చివర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల ఇసబెల్ అనే కొలైడర్ తలపెట్టింది. ఒక నమూనా అయస్కాంతం అద్భుతంగా పనిచేసింది. ఆ ధైర్యంతో ఉత్పత్తికి దిగితే తర్వాతివి ఆ క్షేత్రాన్ని అందుకోలేదు. చివరకు 1983లో ప్రాజెక్టే రద్దయింది. రద్దుకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, అయస్కాంతాల మీద నమ్మకం సడలడం వాటిలో పెద్దది. అదే కాలంలో ఫెర్మీల్యాబ్‌లో ఆల్విన్ టాలెస్ట్రప్ బృందం వేరే దారి పట్టింది. పొట్టి నమూనాలను పదులకొద్దీ చుట్టి, చల్లార్చి, క్వెంచ్ చేసి, ఏది ఎందుకు ఓడిందో చూసి మళ్లీ చుట్టింది. ఇంగ్లండ్‌లోని రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న బల్లపరుపు కేబుల్‌ను, దాన్ని బిగించి పట్టే స్టీలు కాలర్లను తనవి చేసుకుంది. కిరణాన్ని వంపు తిప్పే 774 డైపోల్ అయస్కాంతాలతో వాళ్ల యాక్సిలరేటర్ టెవట్రాన్ 1983లో నడిచింది. ఒక్క విజయాన్ని నమ్ముకున్నవాళ్లు ఆగిపోయిన ఏడాదే, అన్ని ఓటములను చదువుకున్నవాళ్లు యంత్రం నడిపారు. ఈ రంగంలో ఆ తర్వాత జరిగిన ప్రతి వాదానికీ ఈ రెండు కథలే పునాది అని నా ఉద్దేశం.

ఇప్పుడు కాయిల్ లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి. ఎల్‌హెచ్‌సీ డైపోల్ ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 30 టన్నులకు పైబడిన బరువు. వలయంలో అలాంటివి 1232. కేబుల్‌లోని ఒక్కో తీగ మిల్లీమీటరు మందం. దాని లోపల రాగిలో పొదిగిన 6, 7 మైక్రాన్ల అతివాహక తంతువులు వేలల్లో ఉంటాయి. 11,850 ఆంపియర్లు పారినప్పుడు మీటరు పొడవుకు సుమారు 400 టన్నుల బలం కాయిల్‌ను బయటికి నెడుతుంది. కాలర్లు ఎంత బిగించినా తీగలు ఎక్కడో ఒకచోట సర్దుకుంటాయి. కొత్తగా అల్లిన నులక మంచం మొదటి కొన్నాళ్లు కిర్రుమంటూ సర్దుకున్నట్టే ఇదీ. సర్దుకున్న ప్రతిసారీ ఒక క్వెంచ్. దాని తర్వాత అయస్కాంతం మునుపటికంటే కొంచెం ఎక్కువ కరెంటును మోస్తుంది. ఈ క్రమాన్ని ట్రైనింగ్ అంటారు. గది వేడిమికి తెచ్చి మళ్లీ చల్లారిస్తే ఆ నేర్చుకున్నదంతా ఉండాలి. కొన్నింటిలో ఉంటుంది, కొన్ని కొంత మరిచిపోతాయి. ఏది మరిచిపోతుందో ముందుగా చెప్పే సిద్ధాంతం ఇప్పటికీ లేదు. అందుకే ఈ రంగంలో గణన ఎంత ఎదిగినా చలి పరీక్షకు ప్రత్యామ్నాయం రాలేదు.

క్వెంచ్ తప్పదు కనుక దాన్ని ప్రాణాంతకం కాకుండా చూడటమే రక్షణ వ్యవస్థ పని. ఒక్క డైపోల్‌లో నిండు కరెంటు దగ్గర సుమారు 7 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అదంతా ఒక్క బిందువు దగ్గర వేడిగా మారితే కేబుల్ కరిగిపోతుంది. కాయిల్ రెండు సగాల మధ్య 100 మిల్లీవోల్టుల తేడా 10 మిల్లీసెకన్లు నిలిస్తే వ్యవస్థ దాన్ని క్వెంచ్‌గా లెక్కిస్తుంది. వెంటనే కాయిల్‌కు అంటించిన హీటర్లలోకి కెపాసిటర్ల శక్తిని వదిలి, కావాలనే కాయిల్ మొత్తాన్నీ వేడెక్కిస్తారు. వేడి ఎంత ఎక్కువ లోహానికి పంచితే అంత క్షేమం. వరుసలోని మిగతా అయస్కాంతాల కరెంటు డయోడ్ గుండా పక్కదారిన వెళ్తుంది, పెద్ద నిరోధకాల్లో ఖర్చవుతుంది. ఆ హీటర్లకు శక్తినిచ్చే పరికరాలు 5500 మన దేశంలోనే తయారై వెళ్లాయి.

చల్లార్చే పని ఇంతకంటే తక్కువ సాహసమేమీ కాదు. టెవట్రాన్ 4 కెల్విన్‌లకు కాస్త పైన, మామూలు ద్రవ హీలియంతో నడిచింది. ఎల్‌హెచ్‌సీ మాత్రం 1.9 కెల్విన్‌కు దిగింది. దీనికి రెండు కారణాలు. ఒకటి, అంత చలిలో నియోబియం-టైటానియం అదనంగా సుమారు 3 టెస్లాలు మోస్తుంది. రెండోది హీలియం స్వభావం. 2.17 కెల్విన్ దిగువన హీలియం అతిద్రవమవుతుంది. 1938లో మాస్కోలో కపిట్జా, కేంబ్రిడ్జ్‌లో ఆలెన్, మిసెనర్ ఈ సంగతి ప్రకటించారు. ఆ స్థితిలో దానికి చిక్కదనం దాదాపు ఉండదు, కాయిల్ సందుల్లోకి చొరబడుతుంది, వేడిని ఏ లోహంకన్నా వేగంగా మోసుకుపోతుంది. ఇంత పెద్ద స్థాయిలో దాన్ని వాడొచ్చన్న ధైర్యం ఫ్రాన్స్‌లోని కదరాష్‌లో 1988లో మొదలైన టోర్ సుప్రా అనే ఫ్యూజన్ యంత్రం నుంచి వచ్చింది. యాక్సిలరేటర్ వాళ్లు పక్క రంగం అనుభవాన్ని చేయి చాపి తీసుకున్నారు. అలాంటి అరువు సైన్సులో చెప్పుకోదగ్గ గుణం.

చలికి ఖర్చు గట్టిది. 4.5 కెల్విన్ దగ్గర ఒక వాట్ వేడిని బయటికి తీయడానికి నేల మీద 230 వాట్ల విద్యుత్తు పడుతుంది. 1.9 దగ్గర అది ఇంకా కొన్ని రెట్లు. ఎల్‌హెచ్‌సీకి 18 కిలోవాట్ల శీతలీకరణ ప్లాంట్లు ఎనిమిది, ఒక్కోదానికి సుమారు 4 మెగావాట్ల విద్యుత్తు. మొదట పదివేల టన్నుల ద్రవ నైట్రోజన్‌తో 80 కెల్విన్ దాకా దించి, ఆ తర్వాత హీలియానికి అప్పజెబుతారు. వలయంలో 120 టన్నులకు పైగా హీలియం ఉంటుంది. చల్లారబెట్టాల్సిన లోహం సుమారు 37 వేల టన్నులు. వారాల తరబడి సాగే ఈ పనిలో ప్రతి మీటరూ 3 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. మొత్తం వలయం మీద అది సుమారు 80 మీటర్లు. ఆ తగ్గుదలను అయస్కాంతాల మధ్య ఉన్న ముడుతల గొట్టాలు సర్దుకోవాలి. వలయం ఎనిమిది భాగాల్లో (సెక్టార్లలో) 2007లో మొదటిసారి చల్లార్చినదాన్ని తిరిగి వెచ్చబెట్టినప్పుడు, కిరణనాళం అతుకుల్లోని సన్నటి రాగి రేకులు కొన్ని లోపలికి వంగి దారికి అడ్డొచ్చాయి. ఎక్కడ వంగాయో కనుక్కోవడానికి టేబుల్ టెన్నిస్ బంతి సైజు గుండులో రేడియో ట్రాన్స్‌మిటర్ పెట్టి నాళంలోకి ఊదారు. అది ఆగిన చోటే లోపం. చల్లార్చే పరీక్ష ఒక్కటే చేసి ఊరుకుంటే ఈ సంగతి బయటపడేది కాదు, వెచ్చబెట్టడం కూడా పరీక్షే.

ఇక అసలు పరీక్షశాల. సెర్న్‌లో ఎస్ఎం-18 అనే హాలులో పన్నెండు బెంచీలు పెట్టి, ఎల్‌హెచ్‌సీకి కావలసిన సుమారు 1700 పెద్ద అయస్కాంతాలను ఒక్కొక్కటిగా చల్లార్చి పరీక్షించారు. విద్యుత్ బంధనం తట్టుకుంటుందా, హీటర్లు పనిచేస్తున్నాయా, ఎన్ని క్వెంచ్‌ల తర్వాత నిర్ణీత క్షేత్రం చేరుతుంది అన్నవి చూసేవారు. క్షేత్రం నాణ్యతను చలిలో కొన్నింటికే కొలిచి, మిగతావాటికి గది వేడిమి కొలతల నుంచి లెక్కగట్టారు. గడువు ముంచుకొస్తున్నప్పుడు అది తప్పని నిర్ణయం. 2007 ఆరంభానికి ఈ పని ముగిసింది. రాత్రింబవళ్లు షిఫ్టుల్లో నడిచిన ఈ పరీక్షల్లో మన అణుశక్తి విభాగం ఇంజనీర్ల పాత్ర చాలా పెద్దది. వంతులవారీగా జెనీవా వెళ్లి బెంచీలు నడిపిన మనవాళ్ల శ్రమ అంతా కలిపి సుమారు వంద మనిషి-సంవత్సరాలు. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం సమన్వయంతో 1146 సెక్స్‌టుపోల్, 616 డెకాపోల్-ఆక్టుపోల్ సవరణ అయస్కాంతాలు, డైపోళ్లను సొరంగంలో కచ్చితంగా నిలబెట్టే 7080 జాకులు ఇక్కడి నుంచి వెళ్లాయి. ఎల్‌హెచ్‌సీలో హిగ్స్ కణం దొరికిన వార్తల్లో ఈ పని ప్రస్తావన అరుదుగా వచ్చింది. రావలసిన చోట రాలేదని నాకు ఇప్పటికీ బాధ.

అంత జాగ్రత్తగా పరీక్షించినా దెబ్బలు తగిలాయి. 2007 మార్చి 27న ప్రయోగ బిందువు దగ్గర కిరణాన్ని కేంద్రీకరించే క్వాడ్రుపోల్ అయస్కాంతాల సముదాయాన్ని సొరంగంలో ఒత్తిడి పరీక్షకు పెట్టారు. 20 బార్ల దగ్గర లోపలి ఆధారాలు విరిగాయి. కారణం చిన్నది: అయస్కాంతం పొడవు వెంబడి ఒకవైపు మాత్రమే పనిచేసే బలాన్ని డిజైన్ లెక్కలో ఎవరూ పట్టించుకోలేదు. విడివిడిగా పరీక్షించినప్పుడు ఆ బలం లేదు, వరుసలో కలిపినప్పుడే పుట్టింది.

తర్వాతి ఏడాది జరిగింది మరింత లోతైనది. 2008 సెప్టెంబరు 19న 3-4 సెక్టారులో కరెంటును పెంచుతుండగా 8,700 ఆంపియర్ల దగ్గర రెండు అయస్కాంతాల మధ్యనున్న ఒక అతుకు తెగింది. మంచి అతుకు నిరోధం నానోఓమ్‌లో మూడో వంతు. ఇది సుమారు 200 నానోఓమ్‌లు. అతుకు తెగగానే విద్యుత్ చాపం లేచి హీలియం తొట్టెకు చిల్లు పెట్టింది. ఆరు టన్నుల హీలియం సొరంగంలోకి పోయింది. విస్తరించిన వాయువు ఒత్తిడికి టన్నులకొద్దీ బరువున్న అయస్కాంతాలు పీఠాల మీంచి జరిగాయి, నాళంలో మసి పేరుకుంది. 53 అయస్కాంతాలను బయటికి తీయాల్సి వచ్చింది. ప్రతి అయస్కాంతాన్నీ ఎస్ఎం-18లో పరీక్షించారు. కానీ రెండు అయస్కాంతాల మధ్య అతుకును వేసింది సొరంగంలో. దాన్ని పరీక్షించే బెంచి ఎక్కడా లేదు. అయస్కాంతాలను కలిపే కేబుళ్ల మీద నిఘా పెట్టిన వోల్టేజి పరిమితి 1 వోల్టు. నిరోధం కొంచెం కొంచెం పెరుగుతున్నప్పుడు అంత ముతక కొలతకు ఏమీ కనిపించదు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అంశం ఒకటుంది. ప్రమాదానికి నాలుగు రోజుల ముందే అదే సెక్టారులో 7,000 ఆంపియర్ల దగ్గర హీలియం ఒక చోట సుమారు 40 మిల్లీకెల్విన్ వెచ్చబడింది. 200 నానోఓమ్‌ల అతుకులో ఆ కరెంటుకు పుట్టే వేడి సుమారు 10 వాట్లు, లెక్క సరిపోతుంది. చల్లార్చే వ్యవస్థ ఆ లోపాన్ని చూసింది. దాన్ని అలా అడిగి చూసే వాడుక అప్పటికి లేదంతే. ప్రమాదం తర్వాత అదే సూత్రంతో మిగతా సెక్టార్లను వెదికారు. రెండు డైపోళ్ల లోపలి అతుకుల్లో 100, 50 నానోఓమ్‌ల నిరోధాలు దొరికాయి. అవి ఎస్ఎం-18 పరీక్ష దాటి వచ్చినవే. క్వెంచ్ ఎక్కడ వస్తుందని బెంచి అడిగింది, నానోఓమ్‌ల మాట అడగలేదు. ఆ తర్వాత నిఘా పరిమితిని 0.3 మిల్లీవోల్టులకు తగ్గించారు. ప్రమాదం అంత పెద్ద నష్టం చేసినా, హీలియాన్నే ఉష్ణమాపకంగా వాడే ఈ అలవాటు ఎల్‌హెచ్‌సీకి అది ఇచ్చిన గొప్ప ఆస్తి అంటాను.

2009 నవంబరులో యంత్రం తిరిగి నడిచింది, 2010లో సగం శక్తి దాకా మాత్రమే వెళ్లింది. అతుకుల చుట్టూ ఉండాల్సిన రాగి కొన్నిచోట్ల సరిగా పరుచుకోలేదని తేలడమే కారణం. 2013-14 విరామంలో పదివేలకు పైగా అతుకులను తెరిచి, అదనపు రాగి పట్టీలు అతికారు. అప్పుడుగానీ 2015లో 6.5 టెరా ఎలక్ట్రాన్‌వోల్టులు సాధ్యపడలేదు, అదీ సొరంగంలో 150కి పైగా ట్రైనింగ్ క్వెంచ్‌ల తర్వాత. బెంచి మీద ప్రతి డైపోలూ నిర్ణీత క్షేత్రం దాటింది. 154 డైపోళ్లను వరుసలో కలిపితే కొన్ని మరిచిపోయాయి. 2022 నుంచి 6.8 దగ్గర నడిపారు. మొదట అనుకున్న 7 ఇంతవరకూ అందలేదు. దీన్ని వైఫల్యం అనను. బెంచి ఇచ్చే హామీకి హద్దు ఎక్కడుందో చూపే కొలత ఇది.

డిటెక్టర్ అయస్కాంతాల కథ కాస్త భిన్నం. ఎల్‌హెచ్‌సీ డిటెక్టర్లలో ఒకటైన సీఎంఎస్ సోలినాయిడ్ లోపలి వ్యాసం 6 మీటర్లు, పొడవు 12.5 మీటర్లు. 4 టెస్లాల దగ్గర 2.6 గిగాజౌళ్ల శక్తి నిల్వ ఉంటుంది. దాన్ని 2006 వేసవిలో నేల మీదే చల్లార్చి 4 టెస్లాల దాకా నడిపి చూసి, ఆ తర్వాతే 100 మీటర్ల లోతుకు దించారు. మార్చుకునే వీలు లేని ఒకే ఒక్క అయస్కాంతం కనుక ఆయుష్షు కోసం రోజువారీగా 3.8 దగ్గరే నడుపుతున్నారు. అంత జాగ్రత్తకూ 2015లో ఇబ్బంది వచ్చింది, అయస్కాంతం వల్ల కాదు, హీలియాన్ని కుదించే కంప్రెసర్ల నూనె శీతల పెట్టెలోకి చేరడం వల్ల. వడపోతలు మూసుకుపోయి ఆ ఏడాది సీఎంఎస్ కొంతకాలం క్షేత్రం లేకుండా గడిపింది, ఆపై చలికాలంలో ఆ వ్యవస్థను కడిగి శుభ్రం చేశారు. అయస్కాంతాన్ని, దాన్ని చల్లార్చే ప్లాంటును రెండు వేర్వేరు యంత్రాలుగా చూసే అలవాటు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు రంగం మళ్లీ నియోబియం-టిన్ వైపు తిరిగింది. ఎల్‌హెచ్‌సీ సామర్థ్యాన్ని పెంచే పథకంలో ప్రయోగ బిందువుల దగ్గర 150 మిల్లీమీటర్ల రంధ్రంతో, తీగ దగ్గర 11 టెస్లాలకు పైబడిన క్షేత్రంతో కొత్త క్వాడ్రుపోళ్లు పెడుతున్నారు. ఈ తీగను ముందు కాయిల్‌గా చుట్టి, తర్వాత 650 డిగ్రీలకు పైన కాల్చాలి. కాల్చాక అది పింగాణీలా పెళుసు. అదే పథకంలో అనుకున్న 11 టెస్లాల డైపోళ్లు చల్లార్చి వెచ్చబెట్టిన ప్రతిసారీ కొంత బలం కోల్పోవడంతో వాటిని పెట్టడం వాయిదా వేశారు. సెర్న్‌లో చుట్టిన 7.2 మీటర్ల క్వాడ్రుపోళ్ల మొదటి నమూనాలు నిర్ణీత కరెంటుకు కొంచెం ఇవతలే ఆగాయి. కాయిళ్లను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే తెగిన తంతువులు కనిపించాయి. తయారీ పద్ధతి మార్చాక తర్వాతివి గమ్యం చేరాయి. అమెరికాలో చేసిన 4.2 మీటర్ల వాటిని ముందు బ్రూక్‌హేవెన్‌లో నిలువుగా, జంటగా కూర్చాక ఫెర్మీల్యాబ్‌లో అడ్డంగా పరీక్షిస్తున్నారు. కోసి చూసే ఈ ఓర్పు టెవట్రాన్ రోజుల నాటిదే. 11 టెస్లాల డైపోళ్లను బలవంతంగా సొరంగంలోకి దించకపోవడం గత పాతికేళ్లలో ఈ రంగం తీసుకున్న అత్యుత్తమ నిర్ణయాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2008 పాఠం ఎస్ఎం-18లో ఇప్పుడు ఉక్కు రూపం తీసుకుంది. కొత్త క్వాడ్రుపోళ్లు, వాటి పక్కనుండే డైపోల్, కరెంటును మోసే మెగ్నీషియం డైబోరైడ్ కేబుల్, రక్షణ, శీతల వ్యవస్థలు అన్నింటినీ సొరంగంలో ఉండే వరుసలోనే కలిపి అక్కడ ఒక సముదాయాన్ని నిర్మించారు. అతుకులు, ఒత్తిడి బలాలు, ఒక అయస్కాంతం క్వెంచ్ అయితే పక్కదానికి తగిలే దెబ్బ అన్నీ సొరంగానికి ముందే తేలాలన్నది దాని ఉద్దేశం. సముదాయాన్ని ఒకసారి చల్లార్చి నడిపి సంతోషపడితే సరిపోదు. నియోబియం-టిన్ చూపిన స్వభావం తెలిశాక, పూర్తిగా వెచ్చబెట్టి రెండోసారి చల్లార్చి అవే కొలతలు తీసుకోవాలి. గడువు ఎంత బిగుతుగా ఉన్నా ఆ వారాలు వదులుకోకూడదు.

ఎల్‌హెచ్‌సీ తర్వాతి మెట్టుగా సెర్న్ ఆలోచిస్తున్నది 91 కిలోమీటర్ల వలయం. అందులో ప్రోటాన్ యంత్రం కడితే 14 టెస్లాలు లేదా అంతకుపైన కావాలి. దానికోసం 20 కెల్విన్ దగ్గరే పనిచేయగల అధిక ఉష్ణోగ్రత అతివాహకాలను పరిశీలిస్తున్నారు. ఆ వేడిమిలో లోహానికి వేడిని ఇముడ్చుకునే శక్తి ఎక్కువ కనుక చిన్నపాటి కదలికలకు క్వెంచ్ రాదు, కరెంటు బిల్లూ బాగా తగ్గుతుంది. ఇబ్బంది మరోచోట ఉంది. నియోబియం-టైటానియంలో క్వెంచ్ సెకనుకు మీటర్ల వేగంతో పాకి వోల్టేజిగా వెంటనే కనబడుతుంది. వీటిలో అది సెంటీమీటర్ల వేగంతో నిదానంగా పాకుతుంది. వోల్టేజి కనిపించేలోపే ఆ బిందువు కాలిపోవచ్చు. కాయిల్ వెంట ఆప్టికల్ ఫైబర్ వేసి ఉష్ణోగ్రతను కొలవడం, తీగ చేసే చప్పుళ్లను వినడం లాంటి పద్ధతుల మీద ప్రయోగాలు నడుస్తున్నాయి. 100 మిల్లీవోల్టులు, 10 మిల్లీసెకన్లు అన్న పాత కొలమానం ఆ తీగలకు పనికిరాదు. కొత్తది ఏదో తేలేదాకా ఆ అయస్కాంతాలు ఎంత బలమైన క్షేత్రం ఇచ్చినా వలయంలోకి దించే దశకు రావు.